పచ్చి గోడ

గోడ మీదికి ఎక్కే మెట్ల దగ్గర మిగతావాళ్ళంతా ఫొటోలు దిగుతుంటే, మేస్త్రి ఒక పక్కకి జరిగి, చేతి తొడుగు లాగేసి, ఇటుకల మధ్య దర్జులో గోరు పెట్టి గీకాడు. గోరు విరిగింది గానీ దర్జులోంచి చిటికెడు పొడి రాలలేదు.

"ఏం మేస్త్రీ, మన సిమెంటేనా?" అన్నాడు షావుకారు వెనకనుంచి.

డీలర్లందరూ ఘొల్లుమన్నారు. ఎక్కువ బస్తాలు అమ్మిన డీలర్లని సిమెంటు కంపెనీ ఏటా ఒక దేశం తిప్పి తీసుకొస్తుంది. ఈ ఏడు 'ఉత్తమ మేస్త్రి' అని ఒకణ్ణి కూడా తీసుకెళ్దామని ఎవరికో బుద్ధి పుట్టింది. మేస్త్రి ఊళ్ళో సిమెంటు కొట్టు ఈ షావుకారుదే. ఆయన ఒక్క మాట చెప్పాడు, మేస్త్రికి పాస్‌పోర్టు వచ్చింది.

"సున్నమండి," అన్నాడు మేస్త్రి, విరిగిన గోరుని పంటితో సరిచేసుకుంటూ. "వేల ఏళ్ళ గోడంట. మన సిమెంటుకి అంత ఓపికెక్కడిది?"

"ఆ మాట కంపెనీవాళ్ళ ముందు అనకు. విమానం టిక్కెట్టు నిన్నే పెట్టుకోమంటారు."

మళ్ళీ నవ్వులు. మేస్త్రి కూడా నవ్వాడు. షావుకారు సంచీ అతని భుజానికి ఉంది. మొయ్యమని ఎవరూ అడగలేదు. బస్సు దిగేటప్పుడు షావుకారు సంచీ చాపాడు, ఇతను భుజం చాపాడు, అంతే.

ప్రపంచమంతా చూడ్డానికి వచ్చే గోడ అది. కొండ ఎక్కడికి పోతే అక్కడికి పోతోంది, కొండ దిగితే దిగుతోంది. పైన ఇద్దరు ముగ్గురు పక్కపక్కన నడిచేంత దారి, రెండు వైపులా నడుమెత్తు పిట్టగోడ. చలికాలం కావడంతో జనం పల్చగా ఉన్నారు. గాలి మాత్రం టోపీ ఎగరేసుకుపోయేలా కొడుతోంది. మెట్ల మూలల్లో మంచు గట్టిపడి గాజులా మెరుస్తోంది. గైడు పిల్ల చేతిలో చిన్న జెండా పట్టుకుని ముందు నడుస్తూ, తన భాషలో ఫోనులోకి మాట్లాడేది. ఫోను దాన్ని తెలుగులోకి మార్చి, పురాణం చెప్పే పంతులుగారిలా గట్టిగా వినిపించేది.

"ప్రయాణికులారా, పాదములు జాగ్రత్త. మెట్లు మిక్కిలి జారును."

"జారును, జారును," అంటూ డీలర్లు ఒకరినొకరు పట్టుకుని ఎక్కుతున్నారు.

మేస్త్రికి నడక కుదరడం లేదు. నాలుగడుగులు వేసి ఆగుతున్నాడు, వంగి చూస్తున్నాడు, మళ్ళీ పరిగెత్తి వాళ్ళని అందుకుంటున్నాడు. ఇన్ని ఇటుకలు ఈ ఎత్తుకి ఎలా చేరాయి? నీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చారు? వాన నీరు లోపల నిలవకుండా దారిని ఒక పక్కకి వాలుగా వేశారు, అది చూసి ముచ్చటపడి ఎవరికైనా చెబుదామని తలెత్తితే అందరూ ఫోన్లలో తమ మొహాలు చూసుకుంటున్నారు. షావుకారు భార్య ఒక్కతే ఆగి, "ఏంటి మేస్త్రిగారూ?" అంది. తీరా అడిగేసరికి ఏం చెప్పాలో తోచక, "ఏం లేదమ్మా, వాటం బాగుంది," అన్నాడు.

మూడో ఎత్తు ఎక్కాక ఒక చోట పిట్టగోడకి తాడు కట్టి ఉంది. తాడు అవతల కొత్త ఇటుకలు పేర్చి ఉన్నాయి, రెండు తాపీలు ఒక బకెట్లో నిలబెట్టి ఉన్నాయి. పది పన్నెండు అడుగుల మేర గోడకి గడ్డి చాపలు, వాటి మీద పాత బొంతలు కప్పారు. మరమ్మతు పని. పనివాళ్ళు భోజనానికి వెళ్ళినట్టున్నారు, దిగువన రేకుల గదిలోంచి పొగ వస్తోంది. మేస్త్రి ఆగలేకపోయాడు. తాడు కింద నుంచి చెయ్యి పెట్టి బొంత అంచు ఎత్తాడు. పై నాలుగు వరసల దర్జులు నల్లగా, తడిగా ఉన్నాయి. బొటనవేలు ఆనించి నొక్కాడు. గోరు సగం దాకా దిగింది.

పచ్చి పని. నిన్నటిది కూడా కాదు, ఈ పొద్దుటిది. ఈ చలిలో సున్నం మామూలుగానే నెమ్మది. వారమైనా ముట్టుకోకూడదు.

"ఆహా, ఇక్కడుంది చూడు సీను!" అన్నాడు షావుకారు.

నిజమే. అక్కణ్ణుంచి గోడ కొండ కొండకీ మలుపు తిరుగుతూ కనిపించినంత దూరమూ పోతోంది. షావుకారు తాడు దాటాడు. బొంతా చాపా పక్కకి లాగి, ఇటుకల దొంతర మీద కాలు వేసి, పిట్టగోడ మీదికెక్కి నిలబడ్డాడు. నిండైన మనిషి. రెండు చేతులూ చాపి, "ఫోను పట్టుకో మేస్త్రీ. నేనూ గోడా ఇద్దరం పడాలి," అన్నాడు.

మేస్త్రి ఫోను అందుకుని, "అయ్యగారూ..." అన్నాడు.

"ఏంటి? తొందరగా తియ్యి, వేళ్ళు కొంకర్లు పోతున్నాయి."

షావుకారు ఊళ్ళో ఫంక్షన్ హాలు కట్టబోతున్నాడు. మేస్త్రి చేతి కింద ఆరుగురున్నారు. ఆ హాలు దక్కితే అందరికీ ఏడాది పని.

"ఏం లేదండి," అన్నాడు మేస్త్రి. "కొంచెం ఎడమకి జరగండి."

మూడు ఫొటోలు తీశాడు. షావుకారు కిందికి దూకాడు. దూకేటప్పుడు మడమతో వెనక్కి తన్నినట్టయింది. పెద్ద చప్పుడేమీ రాలేదు. పై వరసలు మెల్లగా, నిద్రలో ఒత్తిగిల్లినట్టు బయటికి జరిగాయి. అయిదారు ఇటుకలు అవతలి పొదల్లోకి దొర్లిపోయాయి. మిగతావి వంకరగా వేలాడాయి.

"అయ్యయ్యో, ఎవరికైనా చెప్పి వెళ్దామండీ," అంది షావుకారు భార్య.

"పద పద. అంత పాతగోడ పడక ఏం చేస్తుంది?" అంటూ షావుకారు బొంతని ఎలా పడితే అలా పైకి విసిరి, చేతులు దులుపుకున్నాడు.

పై బురుజు దాకా వెళ్ళి, ఫ్లాస్కులో టీ తాగి, గంట తర్వాత అదే దారిన దిగి వచ్చారు. అక్కడ నలుగురున్నారు. నారింజ రంగు కోటు వేసుకున్న సూపర్‌వైజరు కూలిన చోటు చూపించి అరుస్తున్నాడు. ఎదురుగా ఒక ముసలి మేస్త్రి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నెత్తి మీద నాలుగు తెల్ల వెంట్రుకలు గాలికి లేస్తున్నాయి. సున్నం మాలు కలిపే ఆవిడ బకెట్టు వంక చూస్తోంది. ముసలాయన ఏదో చెప్పబోయాడు. సూపర్‌వైజరు చెయ్యి అడ్డం పెట్టి, ఆయన చేతిలో తాపీ లాక్కుని పక్కనున్న కుర్రమేస్త్రికి ఇచ్చాడు.

మేస్త్రి కాళ్ళు ఆగిపోయాయి. గైడు పిల్ల ఫోనులోకి ఏదో గొణిగింది. ఫోను తన గొంతుతో చదివింది. "వృద్ధుడు సరిగా కప్పలేదు. మంచు వలన గోడ చెడెను. ఇకపై అతడు తాపీ పట్టరాదు. ఇటుకలు మోయవలెను."

ముసలాయన తల తిప్పాడు. ఆ చూపు ఒక్కొక్కరి మీదా నెమ్మదిగా జరిగింది. షావుకారు కొండల అందం చూడ్డంలో పడిపోయాడు. మేస్త్రి తన బూట్ల వైపు చూసుకున్నాడు.

*

మర్నాడంతా బస్సులు, గాజు బిల్డింగులు, పెద్ద పెద్ద దుకాణాలు. మేస్త్రి ఏదీ సరిగా చూడలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలియడం లేదు. బొటనవేలు జేబులో పెట్టుకుంటాడు, తీస్తాడు. నిన్న ఆ వేలికి అంటిన సున్నం స్నానంలో పోయింది. అయినా ఏదో అంటుకునే ఉన్నట్టు ప్యాంటుకి రుద్దుతున్నాడు.

పొద్దున్నే, హోటల్లో అందరూ పళ్ళేలు పట్టుకుని వరసలో నిలబడ్డప్పుడు, అతని భార్య ఫోను చేసింది.

"అంత దూరం పోయి గోడ చూశావంటగా? ఇక్కడ గోడలు తక్కువయ్యాయా?"

"చాలా పెద్ద గోడే."

"చూశాన్లే. షావుకారు ఫోనులో పెట్టిన ఫొటో వాళ్ళ కొట్లో గుమాస్తా చూపించాడు. నాక్కూడా పంపించుకున్నా." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "ఏమయ్యా, ఆయన కాళ్ళ కింద దర్జులు నల్లగా ఉన్నాయి. పచ్చి పని కాదూ అది?"

మేస్త్రి వరసలోంచి పక్కకి వచ్చాడు. పెళ్ళైనప్పటి నుంచీ అతని పక్కన మాలు కలుపుతున్న మనిషి. ఫొటోలో షావుకారు చిరునవ్వు చూడమని పెడితే, ఆమె దర్జులు చూసింది.

"ఫొటో తీసింది ఎవరు?" అంది.

"నేనే."

మేస్త్రి తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుణ్ణనుకున్నాడు కూడా.

"సరే. గొంతుకి గుడ్డ చుట్టుకో. దగ్గు పట్టుకుంటే అక్కడ చూసేవాళ్ళెవరూ లేరు," అని పెట్టేసింది.

మధ్యాహ్నం దాకా ఉగ్గబట్టుకున్నాడు. ఇక ఆగలేక, దుకాణాల మధ్య బల్ల మీద కూర్చుని కాళ్ళు పిసుక్కుంటున్న షావుకారు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"అయ్యగారూ, నిన్న ఆ పెద్దాయన..."

"ఏ పెద్దాయన?"

"గోడ దగ్గర. ఆయన తప్పు లేదండి. మనం ఒక మాట చెప్పి వచ్చేస్తే ఆయన తాపీ ఆయనకి ఇస్తారు."

షావుకారు అటూ ఇటూ చూసి, మేస్త్రి చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టాడు. కోపంగా లేడు. పిల్లవాడికి లెక్క చెబుతున్నట్టు మాట్లాడాడు. "ఇది పరాయి దేశం. అదేమో ప్రపంచం మొత్తం మొక్కే గోడ. మేమే పడగొట్టాం బాబూ అని నువ్వెళ్ళి చెప్పావనుకో, పాస్‌పోర్టులు లాక్కుని కూర్చోబెడతారు. నలభై మందిమీ ఇక్కడే. నీకు భాష రాదు, నాకూ రాదు. ఆ ఫోనుకి కూడా రాదు."

"ఇటుకలు మోయిస్తున్నారండి ఆయనతో. ఆ వయసులో."

"నాకు మాత్రం బాధ లేదా?" షావుకారు నిజంగానే నొచ్చుకున్నాడు. "అయినా ఒకటడుగుతాను. అది పచ్చిదని నాకేం తెలుసు? నేను బస్తాలు అమ్మేవాణ్ణి. మేస్త్రివి నువ్వు. ఎక్కొద్దని ఒక్క మాట అన్నావా? కొంచెం ఎడమకి జరగమన్నావు."

షావుకారు లేచి, అతని వీపు మీద తట్టాడు. "మర్చిపో. వెళ్ళాక హాలు ప్లాను చూద్దాం. నువ్వు తప్ప ఆ పని ఇంకెవరూ చెయ్యలేరు."

ఎన్నాళ్ళుగానో విందామనుకున్న మాట. విన్నాడు గానీ ఒంటికి పట్టలేదు.

*

మూడో రోజు సాయంత్రం విమానం. నాలుగింటికి హోటలు ముందు బస్సు ఆగుతుంది, అప్పటిదాకా ఎవరి ఇష్టం వాళ్ళది. అందరూ బజారుకి బయల్దేరారు. మేస్త్రి గైడు పిల్లని పక్కకి పిలిచి, చేత్తో గోడ ఆకారం గాలిలో గీశాడు. ఆమె విచిత్రంగా చూసి, కాగితం మీద బస్సు నంబరు రాసిచ్చింది, తన ఫోనులో ఉన్న ఆ మాటలు మార్చే పంతులుగారిని అతని ఫోనులోనూ ఎక్కించింది. ఎందుకని అడిగింది. "పని మిగిలింది," అన్నాడు. అది ఫోను ఏమని చెప్పిందో, ఆమె నవ్వేసి వెళ్ళిపోయింది.

గంటన్నర ప్రయాణం. బస్సులో భార్యకి ఫోను చేసి, ఆ ఫొటో తనకి పంపమన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. ఫోను పెట్టేసేలోపే ఫొటో వచ్చింది. మెట్లెక్కుతుంటే ఊపిరి అందలేదు. మొదటి రోజు ఇన్ని మెట్లు లేవనిపించింది.

ముసలాయన దారిలోనే ఎదురయ్యాడు. వీపు మీద ఇటుకల బుట్ట, నుదుటికి అడ్డంగా పట్టీ. ప్రతి నాలుగు మెట్లకీ ఒకసారి పిట్టగోడకి బుట్ట ఆనించి నిలబడుతున్నాడు. మేస్త్రి ఆయన్ని దాటి వెళ్ళలేకపోయాడు. వెనకే, ఆయన ఆగినప్పుడల్లా ఆగుతూ, పైదాకా ఎక్కాడు.

తాడు దగ్గర కుర్రమేస్త్రి పని చేస్తున్నాడు. సూపర్‌వైజరు చేతులు రుద్దుకుంటూ నిలబడ్డాడు. మేస్త్రి తిన్నగా వెళ్ళి ఫోను నోటి దగ్గర పెట్టుకుని, బస్సులో నాలుగుసార్లు అనుకున్న మాటలు చెప్పాడు. "మొన్న ఈ గోడ పడింది పెద్దాయన వల్ల కాదు. పచ్చి పని అని నాకు తెలుసు. తెలిసీ మనిషిని ఎక్కనిచ్చాను."

ఫోను ఏదో చదివింది. సూపర్‌వైజరు మొహం చిట్లించి జవాబిచ్చాడు. ఫోను అంది, "ఏ పచ్చ రంగు? ఇక్కడ రంగు వేయుట నిషిద్ధము."

"రంగు కాదయ్యా బాబూ!" మేస్త్రి తల కొట్టుకున్నాడు. ఫొటో తీసి చూపించబోయి, చటుక్కున ఆగాడు. షావుకారు రెండు చేతులూ చాపి నవ్వుతున్నాడు. మేస్త్రి బొటనవేలితో ఆ మొహం కప్పేసి, ఫోను ముందుకి చాపాడు. కాళ్ళూ, కాళ్ళ కింద నిలువుగా, చక్కగా ఉన్న నాలుగు వరసలూ కనిపిస్తున్నాయి. తర్వాత కింద మోకాలి మీద కూర్చుని, దూకడం ఎలా దూకారో, మడమ ఎలా తన్నిందో, ఇటుకలు ఎలా జరిగాయో చేతులతో చూపించాడు. కుర్రమేస్త్రికి ముందు అర్థమైంది. పని ఆపి, సూపర్‌వైజరుకి గబగబా చెప్పాడు.

"ఎవరు ఇతడు?" అంది ఫోను, సూపర్‌వైజరు తరఫున. అతను మేస్త్రి వేలు పక్కకి తియ్యబోయాడు.

మేస్త్రి వేలు తియ్యలేదు. "ఎక్కించింది నేను. నన్ను రాసుకోండి."

సూపర్‌వైజరు రాసుకున్నాడు. పాస్‌పోర్టు అడిగి దాని ఫొటో తీసుకున్నాడు. నిన్ను తీసుకొచ్చినవాళ్ళకి ఉత్తరం వస్తుందని ఫోను చెప్పింది. రానీ, అనుకున్నాడు. సూపర్‌వైజరు క్షమాపణ లాంటిదేమీ చెప్పలేదు. కుర్రమేస్త్రి చేతిలోంచి తాపీ తీసుకుని, అప్పుడే బుట్ట దింపి ఆయాసపడుతున్న ముసలాయన ముందు చాపాడు.

ముసలాయన వెంటనే అందుకోలేదు. మేస్త్రిని కిందినుంచి పైదాకా చూశాడు. మొన్నటి చూపే. మేస్త్రి ఈసారి బూట్లు చూసుకోలేదు. కౌగిలించుకుంటాడని గానీ, చెంప మీద కొడతాడని గానీ అనుకున్నాడు. దేనికైనా సిద్ధపడే వచ్చాడు. ముసలాయన రెండూ చెయ్యలేదు. వంగి, ఖాళీ బుట్ట తీసి, మేస్త్రి చేతిలో పెట్టాడు. కిందకి చూపించాడు.

మేస్త్రి దిగాడు.

మొదటి బుట్ట మోసేసరికి నడుం విరిగినట్టయింది. ఇటుక మోసి పాతికేళ్ళు దాటింది. రెండో బుట్టకి పట్టీ నుదుటి మీద ఎక్కడ కూర్చోవాలో తెలిసింది. మూడోదానికి కోటు విప్పేశాడు. ఎవరూ అతని వంక చూడ్డం లేదు. అతను ఇటుకలు దింపుతాడు, మాలు కలిపే ఆవిడ వేడి నీళ్ళు పోసి సున్నం తిప్పుతుంది, ముసలాయన తాపీతో అందుకుంటాడు. మూడు రోజులుగా ఎక్కడ పెట్టుకోవాలో తెలియని చేతులు వాటి దారిన అవి పోతున్నాయి.

నాలుగో బుట్ట దింపుతుంటే షావుకారు ఫోను.

"ఎక్కడున్నావయ్యా? బజారంతా వెతుకుతున్నాం."

"గోడ మీదండి. ఇటుకలు అందిస్తున్నాను."

"నా పేరు చెప్పావా?"

"లేదండి. నాదే రాయించాను."

"మన కంపెనీ పేరు?"

"అది పాస్‌పోర్టులో లేదండి. వాళ్ళే కనుక్కుంటారేమో."

"బుద్ధి లేదు నీకు," అన్నాడు షావుకారు. గొంతులో కోపం కంటే భయం ఎక్కువగా ఉంది. "హాలు సంగతి ఇక మర్చిపో. విన్నావా?"

"విన్నానండి. అయ్యగారూ, ఇంకొక్క మాట. హాలు ఎవరు కట్టినా, స్లాబు వేశాక ఇరవై రోజులు ఎవర్నీ ఎక్కనివ్వకండి. మీరు కూడా ఎక్కకండి."

అవతల ఫోను పెట్టేసిన చప్పుడైంది. ఆరుగురికి ఏం చెప్పాలి అనుకున్నాడు. బుట్ట తీసుకుని మళ్ళీ దిగాడు.

ఒంటిగంట దాటాక ముసలాయన పక్కకి జరిగి, మేస్త్రికి రెండడుగుల చోటు ఇచ్చి, రెండో తాపీ ఇచ్చాడు. మేస్త్రి ఊళ్ళో అందరూ మెచ్చుకునే వేగంతో ఒక వరస వేశాడు. తూకం గుండు పెట్టి చూసుకుంటే వెంట్రుకవాసి తేడా లేదు. ముసలాయన వచ్చి చూశాడు, వరస మొత్తం ఒక్కొక్క ఇటుకా ఊడదీసి కింద పెట్టాడు. వేలితో దర్జు మందం చూపించాడు. నీది ఇంత, ఇక్కడ ఇంతే. సున్నం పల్చగా, ఇటుక బరువుకి దానంతటది కూర్చోవాలి, తాపీ పిడితో కొట్టకూడదు. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. మళ్ళీ వేశాడు. ముసలాయన సగం ఊడదీశాడు. మూడోసారి నాలుగు ఇటుకలే వేశాడు, ఒక్కొక్కదాన్నీ పురిటి బిడ్డని పడుకోబెట్టినట్టు. ముసలాయన వంగి, కన్ను దగ్గరగా పెట్టి చూశాడు. చెయ్యి పెట్టలేదు. తన పనిలోకి వెళ్ళిపోయాడు.

రెండు కావస్తుంటే మేస్త్రి తాపీ కడిగి ఇచ్చాడు. ఇద్దరూ కలిసి కొత్త వరసల మీద చాపలు పరిచి, బొంతలు కప్పి, గాలికి లేవకుండా అంచుల మీద రాళ్ళు పెట్టారు. కోటు తొడుక్కుని మేస్త్రి చేతులు జోడించాడు. ముసలాయన ఫోను ఇమ్మని చెయ్యి చాపి, దానిలోకి ఏదో చెప్పి తిరిగి ఇచ్చాడు.

"రేపు కూడా రమ్ము," అంది ఫోను.

మేస్త్రి ఆ మాట విని కదల్లేకపోయాడు. పొద్దు వాలాక, చేతులు కడుక్కుంటున్న కూలీల్లో పని నచ్చినవాడితో తను అనే మాట అది. నచ్చనివాడితో ఏమీ అనడు. తనతో ఎవరైనా ఆ మాట అని ఎన్నేళ్ళయిందో లెక్క అందలేదు.

"ఈ సాయంత్రమే విమానం, పెద్దాయనా. మా దేశం వెళ్ళిపోవాలి," అన్నాడు ఫోనులోకి.

ముసలాయన పూర్తిగా విన్నాడు. మర్నాడు రాలేనని చెప్పే కూలీల సాకులు ఆయన జన్మలో చాలా విన్నట్టున్నాడు. అవేవీ నా దగ్గర చెప్పకన్నట్టు చెయ్యి విసిరి, సున్నం అంటిన ఏడు వేళ్ళు మేస్త్రి మొహం ముందు చాపాడు.

ఏడింటికి.